మూడో నట్టు

ఉలవపాడు దాటాక మొదలైంది మిస్సింగ్.
మూడడుగులు బాగానే వేసి
నాలుగోదానికి కుంటుతా ఉంది బండి.
వెనక పద్దెనిమిది పెట్టెల రొయ్య;
ఐసు కరిగి, తారు మీద
మా వెంటే వస్తోంది సన్నటి తడి గీత.

తెట్టు కాడ సందానీ షెడ్డు.
బానెట్ ఎత్తలేదు. సైలెన్సర్ ముందు గొంతుక్కూర్చుని
అరచేతికి పొగ తగలనిచ్చాడు చాలాసేపు.
"డీజిల్ ఫిల్టరు ఎప్పుడు మార్చావు?"
నేను రైలు గేటు వైపు చూశాను.

పదిహేడో నంబరు స్పానర్.
మొదటి ఇంజెక్టర్ నట్టు వదులు చేస్తే
ఇంజను ఊగిపోయింది. బిగించాడు.
రెండోది: ఆగినంత పనైంది. బిగించాడు.
మూడోదానికి డీజిల్ చిమ్మింది, అంతే.
శబ్దం మారలేదు.
"ఇదే" అన్నాడు.
"తీసేసినా తేడా తెలీలేదంటే జబ్బు దానికే."

పోయిన వానల్లో పది రోజులు జరంతో పడుకున్నా.
రొయ్య టయానికే చేరిందంట రోజూ.
ఓనరే చెప్పాడు,
నన్ను ఊరడించడానికే.

నాజిల్ నోరు మసిగట్టింది.
కిరసనాయిలు, ఇత్తడి బ్రష్షు, కొత్త రాగి వాషరు.
ఫిల్టరు గిన్నెలో సగం నీళ్లే.
చేతి పంపు కొట్టి గాలి తీసి
సెల్ఫ్ కొట్టమన్నాడు.
నాలుగూ ఒకే మాట మీద నిలిచాయి.

నేను డబ్బు లెక్కపెడుతుంటే
మళ్ళీ మూడో నట్టే వదులు చేశాడు.
బండంతా విలవిల్లాడింది.
"గమ్మునుండు, ఉండావులే" అని దానికి చెప్పి
బిగించాడు.