టార్చి

ఆ నవంబరంతా లివర్‌పూల్ మీద వాన.
హాల్లో తడి కోట్ల వాసన, సిగరెట్ పొగ,
ముందు వరసల్లో బిస్కెట్ ఫ్యాక్టరీ అమ్మాయిలు.
ఎంత కడిగినా వాళ్ల జుట్టులో అల్లం ఘాటు పోదు.
చీకట్లో టార్చి పట్టి దారి చూపడం నా పని.
ఇంటర్వెల్లో మెడకు ట్రే వేలాడేసుకుని
ఐస్‌క్రీమ్ అమ్మడం.

ఆ వారం వైద్య విద్యార్థుల నవ్వుల సినిమా.
స్ట్రెచర్ బండ్లెక్కి వరండాలో పందేలు,
మాసిన దుప్పట్ల బుట్టలో తలకిందులుగా మాట్రన్,
అస్థిపంజరం నెత్తిన టోపీ, నోట్లో పైపు.
పదకొండు ఆటలు చూశాను.
ఏ నవ్వు ఎక్కడ పుట్టి
ఏ వరస దాకా పాకుతుందో
మా ఇంటి మెట్లంత బాగా తెలుసు.

నవ్వనివాడు ఒక్కడే.
పన్నెండో వరస, చివరి కుర్చీ,
ఆంబ్రోస్ థ్రెల్‌ఫాల్.
శరీరశాస్త్రంలో మూడుసార్లు తప్పాడని
అతని ఇంటావిడ పాలవాడికి కూడా చెప్పింది.
తెర మీద కుర్రాళ్లు
పరీక్ష పోయిందని బీరు గ్లాసులెత్తి పాడుతుంటే
హాలంతా చప్పట్లు.
అతను మోకాలి మీద వేళ్లతో ఏదో లెక్కపెడుతున్నాడు.
మణికట్టు ఎముకలట, తర్వాత చెప్పాడు.
ఎనిమిదిట. ఏడోది ఎప్పుడూ జారిపోతుందట.

మిఠాయికి రేషన్ ఎత్తేసి రెండేళ్లు కాలేదు.
ఆ కరువంతా ఒక్క నోటితో తీర్చుకోవాలన్నట్టు
బుధవారం బుధవారం
బుగ్గన టాఫీతో వస్తుంది మిసెస్ హెస్టర్ కోర్లెట్.
మాట్రన్ బుట్టలో పడింది.
హాలు గొల్లుమంది.
ఆవిడా నవ్వబోయింది.
నవ్వు బయటికి రాలేదు,
టాఫీ లోపలికి పోలేదు.

"డాక్టర్! ఎవరైనా డాక్టరున్నారా!"
కోడలు లేచి అరిచింది.
హాలు ఇంకా గట్టిగా నవ్వింది.
"బోలెడుమంది ఉన్నారమ్మా, తెర మీద!"
వెనక నుంచి ఎవడో.

నా టార్చి పన్నెండో వరసకు తిరిగింది.
నేను తిప్పానో, చెయ్యే తిరిగిందో
ఇప్పటికీ చెప్పలేను.
వెలుగులో దొరికిపోయిన దొంగలా
లేచాడు.

ఆవిణ్ణి ముందుకు వంచి
భుజాల మధ్య అరచేత్తో ఒకటి.
రెండు.
మూడు.
మూడు అతనికి అచ్చిరాని అంకె.
నాలుగోదానికి
పళ్లసెట్టూ, దాన్ని కరుచుకున్న టాఫీ
కలిసికట్టుగా వచ్చి
నా ట్రేలో, వెనిల్లాల మధ్య పడ్డాయి.

"నువ్వు డాక్టరువా నాయనా?"
బోసినోటితో అడిగింది మిసెస్ కోర్లెట్.
"కాదండీ."
"బతికించావు. డాక్టరైతే
టాఫీ మానెయ్యమనేవాడు."

మిగతా సినిమా అతను చూడలేదు.
బయట మెట్ల మీద కూర్చున్నాడు, చేతులు వణుకుతూ.
చెడిపోని వెనిల్లా ఒకటి ఇచ్చాను.
(శనివారం జీతంలో మేనేజరు దాన్ని మర్చిపోలేదు.)
టార్చి అడిగి
తన మణికట్టు మీదే వేసుకున్నాడు.
పెదాలు కదులుతున్నాయి.
ఐదు, ఆరు...
ఏడోది వచ్చింది.
ఎనిమిదోది పోయింది.

లోపల, సరిగ్గా వేళకు,
అస్థిపంజరం టోపీ ఎగిరిపడింది.
నవ్వు తలుపు కింద నుంచి పాకి
మా బూట్ల దాకా వచ్చింది.
అతనూ నవ్వుతున్నాడు,
దానికి కాదు.