పదమూడు బారలు

వేట నిషేధం.
ఇంజను బోట్లన్నీ చింతపల్లి ఒడ్డున
టార్పాలిన్లు కప్పుకుని పడుకున్నాయి.
మా బోటులో జీపీఎస్ డబ్బా ఉంది,
దాని కడుపులో నలభై పారల గుర్తులు.
ఓనరు దాన్ని ఇంటికి పట్టుకుపోయి
బీరువాలో పెట్టి తాళం వేశాడు.

తెప్పకి నిషేధం లేదు.
మూడు దుంగలు, కొబ్బరితాడు, ఒక తెడ్డు.
దాన్ని ఎవరూ పడవల లెక్కలో రాయరు.
"వస్తావేటి అల్లుడా?" అన్నాడు ఎల్లాజీ మావ,
పదేళ్లుగా ఎవర్నీ రమ్మనని మనిషి.
ఫోను చెప్పుల కింద ఇసకలో పాతి
ఆయన వెనక మోకాళ్ల మీద కూచున్నాను.

మూడు కెరటాలు దాటాక చీకటి మెత్తబడింది.
వీపు మీద కొండగాలి, గాలిలో జీడిపళ్ల వాసన.
"ఈ వాసన తప్పిందంటే
మనం దచ్చినానికి జారిపోనట్టు."
అంతకు మించి మాట్లాడలేదు గంటసేపు.

మావకి మా ఊరి సముద్రం మొత్తం రెండు గీతలు.
దీపస్తంభం మీదకి ఏనుగుమెట్ట మెడ రావాలి.
సరుగుడు తోట సందులో ఒంటితాడి నిలబడాలి.
రెండూ కోసుకున్న చోట, అడుగున,
వాళ్లయ్య చూపించిన పార.
సొంత తమ్ముడికి కూడా చెప్పలేదట.
నాకు చెప్పాడు, ఎందుకో.

పొద్దు పొడిచింది.
మావ ఒడ్డుకేసి తిరిగి కళ్లు చికిలించాడు.
చాలాసేపు.
"తాడి నేదురా. కొట్టేసినారు.
పలాట్లేసినోళ్లు కొట్టేసినారు."
నీళ్లలోకి ఉమ్మేశాడు.
"గట్టుమీద సెట్టు నరికితే
సంద్రంలో రాయి పోద్దని ఆళ్లకేటి తెలుసు?"

నేను చూశాను.
తాడి ఉంది.
మట్టల మీద లేత ఎండ,
కాస్త ఎడమకి వాలి, ఎప్పట్లాగే.
మావ కనుపాపల మీద
చేప పొలుసంత తెలుపు.
నోరు తెరిచాను.
తెడ్డు చప్పుడు విని మూసేశాను.

అప్పుడు గుండు తీశాడు.
సీసపు గుండు, దాని అడుగున గుంట,
గుంట నిండా బట్టల సబ్బు.
తాడు వదుల్తూ చేతులు చాపి లెక్కపెట్టాడు.
"మా అయ్యకి పన్నెండు బారలు.
నా సేతులు పొట్టివి. నాకు పదమూడు."

మొదటిసారి సబ్బుకి నల్లమన్ను అంటింది.
నాలిక మీద రాసుకుని తుపుక్కున ఊశాడు.
"సంపావతి మట్టిరా ఇది.
ఏటి మొగకొచ్చేసినాం. ఎనక్కి కొట్టు."
రెండోసారి ఇసక, వేళ్ల మధ్య నలిపి
అందులో గవ్వ ముక్కలు ఏరాడు.
మూడోసారి సబ్బు శుభ్రంగా వచ్చింది.
ఒక్క గంటు తప్ప ఏమీ లేదు.
"రాయి," అని నవ్వాడు,
పొద్దున్నించి మొదటిసారి.

తెడ్డు నిలువునా నీటిలో దించి
పిడి నా చెవికి ఆనించాడు. "ఇను."
ముందు నా గుండె చప్పుడే.
తర్వాత, ఎక్కడో అడుగున,
మూకుడులో నూనె కాగుతున్నట్టు
చిటపట, చిటపట.
"పార బతికే ఉందిరా" అన్నాడు మెల్లగా.

ఎనిమిది గులివిందలు, ఒక కోనెం.
ఏదో పెద్దది గేలం తెంపుకుపోయింది,
దాన్ని మావ అమ్మ కట్టి తిట్టాడు.
తాడు చుడుతూ ఊరికే ఒడ్డుకేసి చూశాను.
దీపస్తంభం మీద మెట్ట మెడ.
సరుగుడు సందులో, సరిగ్గా నడుమ, తాడి.
వెంట్రుకవాసి తేడా లేదు.

"సూసినావా? సెట్టు నేకపోతే ఏటయ్యింది?"
"ఏం కాలేదు మావా."

సాయంత్రం ఒక్కణ్ణే తాడి దగ్గరికి నడిచాను.
మొదట్లో ఎవరో ఎర్రరంగుతో
పదిహేడు అని అంకె వేసి ఉన్నారు. రంగు ఇంకా అంటుతోంది.
అక్కణ్ణించి సముద్రం చూశాను, ఒకటే నీరు,
ఎక్కడా గీత లేదు.
రెండు చేతులూ చాపి
నా బార ఎంతో చూసుకున్నాను.
మావకంటే నాలుగు వేళ్లు పొడుగు.
పన్నెండున్నర పడొచ్చు.