తెల్లబోయిన చీటీ

గిరింపేటలో నా ఆఫీసంటే
రెండు కుర్చీలు, ఒక ప్రింటరు,
ఇరవయ్యో తారీఖు దగ్గరపడే కొద్దీ పెరిగే గుండెదడ.

ఎనభై నాలుగు పేజీల తీర్పు
అమరావతి బెంచి నుంచి పొద్దున్నే ఫోన్లోకి దిగింది.
మధ్యాహ్నానికి బంగారుపాళ్యం బస్సు దిగి
చెంగల్రాయుడు వచ్చినాడు.
చెప్పులు వాకిట్లోనే విడిచినాడు,
తీర్పు లోపల ఉందని.
"ఏమని ఉండాది సామీ?"

ఎట్లా చెప్పేది?
ఇంగ్లీషులో అదొక నున్నటి మాట:
ఫ్యాక్టరీ కొన్నవాడికి శుభ్రమైన పలక ఇయ్యాలంట,
పాత బాకీల పీడ వాడి గడప తొక్కకూడదంట.
ఢిల్లీలో పెద్ద కోర్టు ఎప్పుడో అనేసింది,
ఇక్కడ మళ్ళీ అన్నారు, అంతే.

"పలక నాకు తెలుసబ్బా" అన్నాడు.
"దొండాకు రుద్ది తుడిచేవాళ్ళం.
ఎంత తుడిచినా
అయివారు అదిమి రాసిన అక్షరం
ఎండకు పెడితే కనపడేది."

నేను ఎండకు పెట్టలేదు. చదివినాను.
బ్యాంకుకు రూపాయిలో నలభై పైసలు.
తోతాపురి తోలిన రైతుకు
రూపాయిలో రెండు పైసలు కూడా నిండలేదు.
పద్నాలుగు టన్నుల మూడు వందల ఎనభై కిలోలు,
కిలో పన్నెండు లెక్కన
లక్షా డెబ్బై రెండు వేల ఐదు వందల అరవై.
దానికి
మూడు వేల నూటారు రూపాయల ఎనిమిది పైసలు.
ఆ ఎనిమిది పైసల దగ్గర నా గొంతు పట్టుకుంది.
ఎంత జాగ్రత్తగా కూడినారో!

"మరి సర్కారుకో?"
నాలుగు కోట్ల పన్ను బాకీ. సున్న.
గడువు దాటినాక కాగితం పెట్టినారంట ఆఫీసరు.
చెంగల్రాయుడు తొడ చరిచి నవ్వినాడు.
"అట్లయితే ఈ పొద్దుకు
సర్కారు కంటే నేనే షావుకారు!"

నవ్వు ఆగినాక
పంచె మడతలోంచి ప్లాస్టిక్ కవరు తీసినాడు.
తమ్ముడి భార్య కుప్పాయమ్మ తోలిన కాయల చీటీలు.
తొమ్మిది. తొమ్మిదీ తెల్లగా, నున్నగా,
అద్దం కింద పెట్టినా అంకె లేదు.
తీర్పులో ఆమె పేరు ఎదురుగా ఒకే మాట:
రుజువు లేదు.
"కాణిపాకం పోయి ప్రమాణం చేస్తానంటా ఉండాది" అన్నాడు.
ఆ దేవుడి ముందు ఒక్క మాట చాలు.
ఇక్కడ ఫారం, దానికి తొంభై రోజులు.

ఆయనకు చెప్పనిది ఒకటుంది.
ఆ ఫ్యాక్టరీలో ఆరేళ్ళు లెక్కలు రాసింది నేనే.
కాటాకు రిబ్బను దండగ,
వేడికి అచ్చు పడే కాగితం కొందామని చెప్పిందీ నేనే.
రోలుకు పదకొండు రూపాయలు మిగిల్చి
మేనేజరు చేత శభాష్ అనిపించుకున్నా.
ఒక వేసవి దాటితే ఆ అచ్చు ఎగిరిపోతుందని
నాకు తెలుసా?
తెలుసనే అనుకుంటా.

తీర్పు తప్పని అననూ లేను.
తాళం పడిన మూడేళ్ళు
గేటు మీద తీగలు పాకినాయి.
ఇప్పుడు కట్టమంచి రాజామణి
నీలం టోపీ పెట్టుకొని, కత్తి నూరుకొని
మళ్ళీ టెంక తీసే బల్ల దగ్గర నిలబడింది.
ఆమె జీతం కూడా ఆ శుభ్రమైన పలక మీదే
మొదటి అక్షరం.

జూన్‌లో లార్రీల వరస
హైవే దాకా సాగింది. కొత్త బోర్డు, పాత కాటా.
వరసలో చెంగల్రాయుడి ట్రాక్టరు.
"మళ్ళీ వీళ్ళకేనా?" అన్నాను.
"చెట్టున పండింది ఆగతాదా సామీ?
కోర్టు వాయిదా ఇచ్చినట్టు
కాయ ఇస్తాదా?"

చేతిలో కొత్త చీటీ, ఇంకా వెచ్చగా.
దాని వెనక
కాటా పిల్లోడి చేత
బాల్‌పెన్నుతో, కాగితం చిరిగేంత అదిమి
రాయించుకున్నాడు బరువు.
నన్ను సంతకం పెట్టమన్నాడు.

నాకూ ఆ కంపెనీకీ ఇప్పుడు సంబంధం లేదు,
నా సంతకం చెల్లదు అన్నాను.
"తెలుసులే" అన్నాడు,
పెన్ను వెనక్కి తీసుకోలేదు.