కాటా ఆగేదాకా

చీమకుర్తి దాటి రామతీర్థం పోయే దోవలో
రాయి అయిపోయిన క్వారీ ఒకటుంది.
గుంట నిండా నీళ్ళు. గట్టున చదును చేసిన డంపు.
డంపు మీద పది గజాల ప్లాస్టిక్ గడ్డి.
అక్కడ మొదలుపెట్టాను నేను గోల్ఫు,
నలభై ఏడో ఏట,
లుంగీ విప్పి ప్యాంటేసుకుని.

మా ఓనరు అన్నాడు:
"వచ్చే నెల బెంగుళూరుకి కొనేవాళ్ళొస్తారు.
వాళ్ళు ఆఫీసులో బేరమాడరు,
గడ్డిలో నడుస్తా ఆడతారు.
రాయి సంగతి నీకే తెలుసు మాలకొండయ్యా.
వాళ్ళ పక్కన నిలబడాలంటే
ఒక్క దెబ్బన్నా కొట్టడం రావాల."
(వాళ్ళు రానే లేదు చివరికి. అది వేరే కత.)

నేర్పింది కాలేషా.
మద్రాసులో పెద్దోళ్ళ కర్రల సంచులు
పదహారేళ్ళు మోసి, మోకాలు అరిగి
ఊరికి తిరిగొచ్చినవాడు.
తెల్లారి ఐదున్నరకి,
కంప్రెసర్లు ఇంకా గొంతు విప్పకముందు,
నా చేతిలో ఒక చెక్క మేకు పెట్టి
"ఇది టీ" అన్నాడు.
నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.
"తాగే టీ చల్లారితే మళ్ళీ కాచుకుంటావు.
ఇది వంకరగా గుచ్చావా, పొద్దంతా వంకరే."

చీమకుర్తి నేలలో మేకు దిగుతుందా!
అందుకని ఒక్కచోట ఆయనే తవ్వి
గుండ్లకమ్మ ఇసక నింపి పెట్టాడు.
వేలి కణుపంత పైకి ఉంచి గుచ్చాను.
బంతి పెట్టాను. పడింది.
పెట్టాను. పడింది.
అమ్మవారు పోసిన మొహంలా ఒళ్ళంతా గుంటలు,
అయినా ఎంత పొగరో దానికి.

"కాళ్ళు ఎట్టా పెట్టాలంటే" అని
ఆయన అనబోతుండగానే నా కాళ్ళు సర్దుకున్నాయి.
మా నాయన పొగాకు బేరన్‌లో
ఈ టియరు మీద ఓ పాదం, ఆ టియరు మీద ఓ పాదం,
కింద నుంచి ఆకు కర్రలు అందుకుంటా
నడుం వంచీ వంచకుండా
పూటంతా అట్టాగే నిలబడేవాడు.
జారితే ఇరవై అడుగులు. జారలేదు.
"యాడ నేర్చావు ఈ నిలబడటం?"
కందుకూరు దగ్గర, అన్నాను.

"కర్రని దూడ పలుపులా పట్టు.
దూడ తప్పించుకోకూడదు,
దాని మెడకి ఉరీ పడకూడదు."

మొదటి దెబ్బ గాలికి.
రెండోదీ గాలికే.
మూడోది ఇసక్కి. గుండ్లకమ్మ లేచి నా కళ్ళల్లో పడింది.
నాలుగోసారి నా కర్ర విసురుకే జాలిపడి
బంతి తనంతట తనే మేకు దిగింది.

కాలేషా బీడీ ఆర్పాడు.
"నువ్వు చేసే పనేంది?"
కాటా. వేబ్రిడ్జి గుమాస్తాని, ఇరవై రెండేళ్ళు.
"లారీ ఎక్కి ఊగుతుండగానే అంకె చదివేస్తావా?"
చదవను, అన్నాను.

లారీ ఊగుద్ది, అంకె ఊగుద్ది,
వెనక పదకొండు లారీలు హారన్లు కొడతాయి.
అంకె నిలబడేదాకా కన్ను తిప్పను.

చదవనన్నది అబద్ధం.
ఒక్కసారి చదివాను,
ఓనరు ఫోనులో అరుస్తున్నాడని.
నాలుగు టన్నులు తేడా.
ఆ చీటీ పట్టుకుని తిరిగిన డ్రైవరు పేరు
ఇప్పటికీ తెలుసు. చెప్పను.

"మరి ఇక్కడ, కర్ర తగలకముందే
ఆకాశంలో ఏం చదువుతున్నావు?
బంతి పోయినాక కూడా
బంతి ఉన్న చోటే చూడు" అన్నాడు కాలేషా.

ఐదోది.
రాయి గీత వెంట సాఫుగా చీలినప్పుడు
ఒక చప్పుడొస్తుంది,
క్వారీలో పనిచేసినవాళ్ళకే తెలుసు అది.
నేను తల ఎత్తలేదు.
ఇసకలో చిన్న బొక్క, దాని అంచు రాలుతోంది.
చూస్తూనే ఉన్నాను.
ఎంతసేపో. లారీ ఆగినంతసేపు.
తర్వాత ఎక్కడో కింద
నీళ్ళు బుడుంగుమన్నాయి.

ఎంత దూరం పోయిందో కాలేషా చెప్పలేదు,
నేనూ అడగలేదు.
"బంతి పోతే పోయింది, మేకు వెతుకు.
రూపాయిన్నర అది."
ఆయన మోకాలు వంగదు కాబట్టి
నేనొక్కణ్ణే వంగాను.
ఎండ అప్పుడే పొడుస్తా ఉంది.
నల్ల రాతిపొడిలో వెయ్యి మెరుపులు,
వాటి మధ్య మెరవనిదొకటి కావాలి నాకు.