చూసినవాళ్ళ పేర్లు

బడీచౌడీలో గాజుల దుకాణాల పైన
మూడో అంతస్తు, మా సహకార బ్యాంకు.
శనివారం రాత్రి పదింటికి
కింద షట్టర్లన్నీ దిగాక
సర్వరు గదిలో నేనూ, ఏసీ నీళ్ళు కారే బకెట్టూ.

వచ్చేటప్పుడు గేటు దగ్గర పోచయ్య రిజిస్టరు ముందుకి తోశాడు.
పేరు, వచ్చిన టైము, పోయిన టైము, సంతకం.
పోయేటప్పుడు ఎవరూ ఆగి రాయరు.
తెల్లారి చాయ్ తాగుతూ ఆ గడులన్నీ ఆయనే నింపుతాడు.
"ఎప్పుడో ఒకప్పుడు పోయే ఉంటరు గద మేడం."

మా డేటాబేసుకి ఆ మాత్రం పోచయ్య కూడా లేడు
పదకొండేళ్ళుగా.

రాసినదానికి ఆనవాలుంటుంది.
అంకె మారితే పక్క లెక్క కుంటుతుంది,
సాయంత్రానికి ఎవరో ఒకరు పట్టుకుంటారు.
చూసినదానికే ఏమీ ఉండదు.
చూపు తడికాలు కాదు, గచ్చు మీద అచ్చు పడదు.
ఎవరి అప్పు ఎంత, ఎవరి బంగారం ఎన్ని తులాలు తాకట్టులో ఉంది,
ఏ ముసలామె నామినీ పేరు మార్చుకుంది,
అంతా చదివి, తెర మూసి,
కింద మిర్చిబజ్జీలకి దిగిపోయినవాళ్ళు ఎందరో.

పోయిన నెల రాంకోఠి నుంచి గోదావరీబాయి వచ్చింది.
"నా గొలుసు ఈడ కుదువబెట్టిన సంగతి
మా తోడికోడలికి ఎట్ల తెలిసింది?"
గొంతు పెంచకుండా అడిగింది.
మేనేజరు గారు నావైపు చూశారు.
నేను తెర వైపు చూశాను.
తెరకి చెప్పడానికేమీ లేదు.

అందుకే ఈ రాత్రి.

మొదటి చిక్కు మొదట్లోనే వచ్చింది.
లోపలికి వెళ్ళే పద్నాలుగు మందిదీ ఒకే పేరు, అడ్మిన్.
ఒకే పాస్‌వర్డు, ప్రింటరు అడుగున చీటీ మీద.
జిగురు ఎండిపోతే రెండుసార్లు మళ్ళీ అంటించిందీ నేనే.
ప్రతి వరుసా అడ్మిన్ చూశాడు, అడ్మిన్ చూశాడు అంటుంటే
ఆడిట్ పెట్టి ఏం లాభం?
కూర్చుని ఒక్కొక్కరికీ పేరు పెట్టాను.
మృత్యుంజయం, ఇర్ఫానా, క్లర్కు తుకారాం...
బియ్యంలో వేలుతో రాయలేదు గానీ
పద్నాలుగు నామకరణాలు, అర్ధరాత్రి దాటింది.

ఏమేం రాసిపెట్టాలో తర్వాత చెప్పాను దానికి.
లోపలికి రావడం. రాలేక తప్పు పాస్‌వర్డు కొట్టడం.
తాకట్టు పట్టిక చదవడం, ఊరికే చదివినా సరే.
ఎవరికైనా కొత్త తాళం ఇవ్వడం.
ఆడిట్‌ని ఆపడం: అది కూడా రాసి, ఆ తర్వాతే ఆగాలి.

అప్పుడు యంత్రం ఒక ప్రశ్న వేసింది.
రాసే చోటు నిండిపోతే ఏం చెయ్యమంటావు?
ఆగాలా, సాగాలా?
ఒక్క అక్షరం తేడా.
ఆగితే, సోమవారం పొద్దున పింఛను వరుస మెట్ల దాకా నిలబడుతుంది.
సాగితే, ఎవరూ రాయని గంటలు కొన్ని ఉంటాయి,
వాటి కోసం కాచుకునేవాళ్ళూ ఉంటారు.
బకెట్టు నిండింది. పారబోసి వచ్చాను.
ఆగాలి అని పెట్టాను.
ఇంకో డిస్కు అడగాలని అరచేతిలో రాసుకున్నాను.

చిట్టా నా చేతికందే చోట ఉండకూడదు.
సికింద్రాబాదు శాఖలో మిషను మీదికి మళ్ళించాను,
తాళం ఇర్ఫానా దగ్గర.
నేను అడిగినా ఇవ్వొద్దని నేనే మెసేజి పెట్టాను.
నిద్రలోంచే జవాబిచ్చింది, "సరే అక్కా, ఏమైంది?"

ఏమైందంటే,
ఇంటి ఓనరు కిరాయి రెండు వేలు పెంచిన రోజు
ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్లు చూశాను నేను.
ఏడున్నాయి. కూడుకున్నాను కూడా.
అది ఏ చిట్టాలోనూ లేదు, ఇక రాదు,
ఇక్కడ తప్ప.

రెండుంబావుకి ఆన్ చేశాను.
మొదటి వరుస పడింది:
తేదీ, టైము, ఆడిట్ మొదలుపెట్టినవారు శాంభవి.
తెర మీద నా పేరు చూసి
కొంగు సర్దుకున్నాను, ఎవరో వచ్చినట్టు.

కిందికొచ్చేసరికి వాన పడి వెలిసింది.
పోచయ్య కుర్చీలో మఫ్లరు చుట్టుకుని నిద్ర.
రిజిస్టరు తెరిచే ఉంది.
ఈసారి తెల్లారేదాకా కూడా ఆగలేదు ఆయన.
నా పేరు పక్కన, పోయిన టైము: 10.45.
ఆ లెక్కన ఈ రాత్రి నేను ఈ భవనంలో లేను.

పెన్ను అడక్కుండానే తీసుకున్నాను.
దిద్దలేదు. మీద ఒక్క గీత గీశాను,
కింది అంకె కనబడేటట్టు.
పక్కన 2.50 అని రాసి
పొడి అక్షరాలు పెట్టాను.