ఊదారంగు

ఆఫీసు గోడ మీద కర్నూలు పటమై ఉండాది.
తుంగభద్ర ఒక నీలం నూలు,
హంద్రీ ఇంకా సన్న పోగు.
మా ఐదు సెంట్లు యాడుందో
టౌన్ ప్లానింగ్ పిల్లోడు పెన్సిల్ మొన పెట్టి చూపించినాడు.
మొన కిందనే ఉండాదంట మా తావు,
మొన తీస్తే కనపడలేదు.

"మీది పచ్చలో ఉందమ్మా" అన్నాడు.
సంతోషపడినా.
పచ్చగా ఉండమనే కదా పెద్దోళ్ళు నెత్తిన చెయ్యి పెట్టేది.
"ఏ పచ్చ నాయనా, పసుపుపచ్చనా?"
"పసుపైతే ఇండ్లు. మీది ఆకుపచ్చ. పార్కు."

పార్కంట!
నలభై ఏండ్లుగా ఆడ గడ్డిపరక మొలిచిన పాపాన పోలేదు.
బుడ్డల పొట్టు మంట,
కాగి కాగి నల్లబడిన ఏటి ఇసుక,
ఆ ఇసుకలో మా మామ, ఆయప్ప తర్వాత మౌలాలి, మౌలాలి తర్వాత నేను
ఉప్పునీళ్ళు పట్టించిన బియ్యం పోసి
చీపురుకట్టతో రెండు తిప్పులు తిప్పితే
శేరు బియ్యానికి తట్టెడు బొరుగులు లేస్తాయి.
బరువు పెరక్కుండా పెరిగేది
బొరుగుకొక్కదానికే తెలుసు.
ఈ పేటలో ఉగ్గాని తిన్న ప్రతి నోరూ
మా పార్కులో తిరిగొచ్చినట్టే.

"బట్టీ అంటే పరిశ్రమ. దానికి ఊదారంగు కావాల."
ఊదానా?
పొట్టు తడిసిన వానాకాలం పొద్దుల్లో
గొట్టం పట్టుకొని దవడలు వాచేటట్టు ఊదినోళ్ళం,
ఇంకెంత ఊదాల సామీ?
పిల్లోడు నవ్వలేదు.
నాలుగు నకళ్ళు అడిగినాడు.

పాత దస్తావేజు వరదలో పోయింది.
నీళ్ళు తీసుకపోయినాయని
నోటరీ కాడ ప్రమాణం చేసినా.
సాక్షి సంతకానికి
గోడ మీద బురద గీతను పిలిపిద్దామంటే
దానికి ఆధార్ లేదు.

పేపర్లో ప్రకటన పడింది.
మా నాలుగు దిక్కులూ మొదటిసారి అచ్చులో చూసుకున్నా:
తూర్పున ఆకెపోగు సుంకన్న ఇల్లు, పడమర మురికికాలవ,
ఉత్తరాన దారి, దక్షిణాన ఎవరిదో తేలని గోడ.
అభ్యంతరాలుంటే పదహైదు దినాల్లో చెప్పుకోవచ్చు.
పద్నాలుగో దినం ఒకటొచ్చింది,
తూర్పు నుంచి.

సుంకన్న రిటైరైన లైన్‌మన్.
దినామూ నా కాడనే పావుశేరు కొంటాడు.
నీలం సిరాతో రాసినాడు:
తెల్లారుజాము నాలుగుకే పొగ. నా భార్యకు ఆయాసం.
ఆరేసిన గుడ్డల మీద మసి.
అయినా ఆమె మంచి మనిషి.
ఆ కడా మాట కొట్టేసినాడు గానీ
గీత కింద కనపడ్తానే ఉండాది.

"దస్తగిరమ్మా, ఏమంటావు?" అన్నారు విచారణలో.
"నిజమే సార్" అన్నా.
పొగ నిజం. మౌలాలి దగ్గూ నిజమే,
ఆ దగ్గుతోనే పోయినాడు.
పొగ లేని గ్యాసు బట్టీకి బ్యాంకోళ్ళు లోనిస్తారు.
లోనుకు లైసెన్సు కావాల.
లైసెన్సుకు రంగు కావాల.
రంగుకు సుంకన్న ఒప్పుకోవాల.
సుంకన్న ఒప్పుకోవాలంటే పొగ పోవాల.
ఆఫీసరు పెన్ను మూత తీసినాడు,
మళ్ళీ పెట్టినాడు.

మెట్ల కాడ సుంకన్న స్కూటరు తన్నుతా ఉండె.
నా పక్క చూడకుండానే
వెనక సీటు మీద దుమ్ము తుడిచినాడు.
దారెంబడీ ఇద్దరమూ మాట్లాడలేదు.

ఫైలు పైకి పోయిందంట.
పైకంటే ఎంత పైకో నేనడగలేదు.
ఇప్పుడు నాలుక్కు కాదు, ఐదున్నరకు ముట్టిస్తాండా.
తూర్పు కిటికీ రెక్కలు మూసిన చప్పుడు ఇంటా,
అప్పుడు పుల్ల గీస్తా.
పొట్టు అంటుకునే ముందర
మంట అంచున
చిటికెడు ఊదారంగు లేచి పోతాది.

ఆ పొద్దుకు
ఏ ఆఫీసూ తెరిచి ఉండదు.