ముందున్న సున్న

ఫుగ్లోయ్ దీవి అంచున గాలిని కొలిచే యంత్రం ఒకటుంది.
దాని చిరునామా హెర్గేర్ నోటుబుక్కులో ఉంది:
నీలం సిరా, నాలుగు గదులు, నడుమ మూడు చుక్కలు.
నూట తొంభై రెండు. నూట అరవై ఎనిమిది.
సున్న ముప్ఫై. సున్న పద్నాలుగు.
ప్రతి గదిలోనూ మూడంకెలు ఉండి తీరాలి ఆయనకు,
తక్కువైతే ముందొక సున్న.
ఉన్ని చొక్కా అల్లినా కుట్టు తప్పనివ్వని మనిషి.

ఆయన రిటైరయ్యాక పుస్తకం రన్వా చేతికొచ్చింది.
తీగకు చుక్కలు తెలియవు.
తీగకు తెలిసినవల్లా ముప్ఫై రెండు ఉంది-లేదులు.
అందుకని ఆమె ప్రోగ్రాము
రాతను మింగి ఒకే ఒక్క పెద్ద సంఖ్యను కక్కాలి.

మొదటిరోజు తల తోకైంది, తోక తలైంది.
యంత్రం పొట్టలో అంకెల్ని చివరినుంచి పేర్చుకుంటుందట.
అంకెల నడక ఎడమకేనని మన శాసనాలవాళ్లూ అన్నారు,
శకవర్షాన్ని మాటల్లో దాచి
వెనకనుంచి విప్పుకోమన్నారు.
క్లాక్స్‌విక్ రేవులో ఆ సంగతి ఎవరికి తెలుసు?
రన్వా ఒక తిట్టు తిట్టి, ఒక పంక్తి చేర్చి,
చల్లారిన కాఫీ తాగేసింది.

నవంబరు. తెల్లారితే పడవ.
తెరమీద గాలి: నాలుగు.
బయట రేకుల కప్పు పళ్లు కొరుకుతోంది.
కెప్టెన్ హానుస్ ఫోను చేశాడు:
"నాలుగా? నా టోపీ ఇప్పుడే సముద్రంలోకి పోయింది."
మళ్లీ అడిగింది. నాలుగు.
ఇంకోసారి. నాలుగు.
ఎంత స్థిమితమైన నాలుగు!

అప్పుడామె సంఖ్యను పట్టుకుని
వెళ్లిన దారినే వెనక్కి రమ్మంది,
మళ్లీ రాతగా మారి నిలబడమంది.
నిలబడింది:
ముప్ఫై ఉండాల్సిన చోట ఇరవై నాలుగు,
పద్నాలుగు చోట పన్నెండు.
ఏ షావుకారు కోత కోశాడిది?

ముందు సున్న కనబడితే ఎనిమిదుల్లో లెక్కించాలని
ఎప్పుడో ఎవరో పెట్టిన ఆచారం.
మూడెనిమిదులు ఇరవై నాలుగు.
ఎనిమిదీ నాలుగూ పన్నెండు.
ఎక్కం తప్పలేదు, ఊరు తప్పింది.
ముందు పెట్టిన సున్నకు విలువ లేదని
ఒకటో తరగతిలో మనందరికీ చెప్పిన పంతులు
ఈ రేవుకు రాలేదు.

ఆ చిరునామాలో ఉన్నది
చేపల గోదాము చలిగదిలో థర్మామీటరు.
ఎంత అని అడిగారు, నాలుగంది.
దానిదేం పాపం.

అర్ధరాత్రి హెర్గేర్ ఫోనెత్తాడు.
"సున్నలెందుకు పెట్టావు?"
"వరసకోసం."
కాసేపు గాలి చప్పుడే.
"గీత వంకరపోతే నాకు నిద్రపట్టదు."
"ఇప్పుడో?"
"ఇప్పుడసలే పట్టదు, చెప్పావుగా."

సిరా కదా, చెరపలేదు ఆమె.
ప్రోగ్రాముకే చెప్పింది:
ముందు సున్న కనిపిస్తే ఊహించకు,
ఆగు, అరిచి అడుగు.

వేకువన ఫుగ్లోయ్ తన గొంతుతో పలికింది:
ఇరవై ఆరు.
హానుస్ తాళ్లు ఇంకో చుట్టు చుట్టాడు.
పడవ లేదు.
గట్టుమీద రొట్టెల పెట్టె, ఒక గ్యాసుబండ,
గొలుసు బిగుసుకున్న కుక్క,
అవతలి ఒడ్డున చెల్లెలున్న ఒకామె.
ఆమె ఏమీ అనలేదు.
సంచీ ఒళ్లో పెట్టుకుని ఉన్ని తీసి
నిన్న ఆపిన కుట్టు ఎక్కడుందో
వేలితో వెతుక్కుంది.